టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పరిభాష

టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పరిభాష అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎమ్.ఐ.టి.)లో రైలు నమూనాలను నిర్మించి నడిపే విద్యార్థుల సంఘంలో పుట్టిన పదజాలం. ఈ మాటలు 1950వ దశకంలో సభ్యుల రోజువారీ కబుర్లలో రూపుదిద్దుకున్నాయి. క్లబ్బు సభ్యుడైన పీటర్ శామ్సన్ వీటిని సేకరించి 1959లో ఒక చిన్న నిఘంటువుగా కూర్చాడు. వీటిలో కొన్ని ఆ గదికే పరిమితమై మరుగున పడ్డాయి. మరికొన్ని కంప్యూటర్ రంగంలోకి ప్రవేశించి ప్రపంచమంతటా వ్యాపించాయి. హ్యాక్, హ్యాకర్, ఫూ, క్రఫ్ట్ అనేవి అలా వ్యాపించిన మాటలలో ముఖ్యమైనవి.

నేడు హ్యాకర్ అనగానే ఇతరుల కంప్యూటర్లలోకి దొంగతనంగా చొరబడే వ్యక్తి గుర్తుకు వస్తాడు. తెలుగు దినపత్రికలు కూడా ఈ మాటను ఎక్కువగా ఈ అర్థంలోనే వాడుతున్నాయి. కానీ రైలు నమూనా కింద తీగెలు కలుపుతూ కూర్చున్న విద్యార్థుల నోట ఈ మాటకు నేరంతో సంబంధం లేదు. అది పనిలోని నేర్పును, పనిచేయడంలోని ఆనందాన్ని సూచించే మాట. ఆ అర్థం ఎలా ఏర్పడిందో, తరువాత ఎలా మారిందో తెలుసుకోవాలంటే ముందుగా ఆ క్లబ్బును, అందులో జరిగిన పనిని పరిచయం చేసుకోవాలి.

రైలు నమూనాల అభిరుచి

నిజమైన రైలుమార్గాన్ని, బండ్లను, స్టేషన్లను, చుట్టూ ఉండే కొండలు, వంతెనలు, ఊళ్ళతో సహా ఒక నిర్ణీతమైన నిష్పత్తిలో చిన్నదిగా నిర్మించి నడపడం ఈ అభిరుచిలోని ప్రధానమైన పని. అలా పెద్ద బల్ల మీద నిర్మించిన మొత్తం అమరికను లేఅవుట్ అంటారు. దీనిని పిల్లల ఆటబొమ్మగా భావించడానికి అభిరుచిదారులు ఇష్టపడరు. ఆటబొమ్మ రైలును పోలి ఉంటే చాలు, నమూనా మాత్రం కొలతలకు కట్టుబడి ఉండాలని వారి అభిప్రాయం.

అమెరికాలో ఈ అభిరుచికి 1930వ దశకంలో ఒక వ్యవస్థ ఏర్పడింది. మోడల్ రైల్‌రోడర్ అనే మాసపత్రిక 1934లో మిల్వాకీ నగరం నుండి వెలువడసాగింది. 1935లో అదే నగరంలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడింది. చక్రాలు, పట్టాలు మొదలైన వాటికి ఈ సంఘం ప్రమాణాలను నిర్ణయించింది. దీనివలన వేర్వేరు కంపెనీలు తయారుచేసిన బండ్లు ఒకే పట్టాల మీద నడవడం సాధ్యమైంది.

నమూనాల కొలతలలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది హెచ్.ఓ. స్కేలు. ఇందులో నమూనా అసలు వస్తువులో 87వ వంతు ఉంటుంది. 1435 మిల్లీమీటర్ల వెడల్పు గల నిజమైన పట్టాల మార్గం ఈ స్కేలులో 16.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అంతకు ముందున్న ఓ స్కేలులో సుమారు సగం ఉండడం వలన దీనికి హాఫ్ ఓ అనే అర్థంలో ఈ పేరు వచ్చింది. టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ లేఅవుట్ కూడా హెచ్.ఓ. స్కేలులోనిదే.

అభిరుచిదారుల మాటతీరు

నమూనాలు నిర్మించేవారు ఎక్కడ కలుసుకున్నా వారి మాటలలో సరదా పదాలు దొర్లుతూ ఉంటాయి. నిజమైన రైల్వేను వారు ప్రోటోటైప్ అంటారు, అంటే మూలరూపం. కొందరు మరో అడుగు ముందుకు వేసి, నిజమైన రైల్వేను అడుగుకు పన్నెండు అంగుళాల స్కేలు అని చమత్కరిస్తారు. అడుగుకు పన్నెండు అంగుళాలే కాబట్టి ఆ స్కేలులో నమూనాకూ అసలుకూ భేదం లేదు.

ఆవిరి ఇంజన్లను ముందు చక్రాలు, నడిపించే చక్రాలు, వెనుక చక్రాల సంఖ్యలను బట్టి 4-6-2 వంటి అంకెలతో గుర్తించడం ఆనవాయితీ. చక్రాలు జతలుగా ఉంటాయి కనుక ఈ అంకెలన్నీ సరిసంఖ్యలే. పట్టాలు తప్పిన పెట్టెను చేతితో ఎత్తి తిరిగి పెట్టినప్పుడు, 0-5-0 ఇంజన్ వచ్చి సాయం చేసిందని అభిరుచిదారులు అంటారు. ఆ అయిదు మనిషి చేతి వేళ్ళు. నమూనాలోని ప్రతి రివెట్టునూ లెక్కపెట్టి తప్పులు వెదికే వ్యక్తికి రివెట్ కౌంటర్ అని పేరు.

కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ ఆలెన్ అనే ప్రసిద్ధ నమూనాకారుడు తన రైలుమార్గానికి గోర్ అండ్ డిఫీటెడ్ అని పేరు పెట్టాడు. చూడడానికి రెండు ఊళ్ళ పేర్లలా కనిపించే ఈ పేరు, పలికినప్పుడు నెత్తురోడి ఓడిపోయినది అనే అర్థం వచ్చే ఆంగ్ల పదాలలా వినిపిస్తుంది. 1973 జనవరిలో ఆలెన్ మరణించిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ అగ్నిప్రమాదంలో చాలావరకు నాశనమైంది. ఇటువంటి మాటలు ఒకే పనిలో గంటల తరబడి కలిసి గడిపేవారి మధ్య సహజంగా పుడతాయి. ఎమ్.ఐ.టి. క్లబ్బు పరిభాష కూడా ఈ సంప్రదాయానికి చెందినదే. అయితే అక్కడి సభ్యులు రైళ్ళ నుండి కంప్యూటర్ల వైపు నడవడం వలన వారి మాటలకు వేరే భవిష్యత్తు లభించింది.

క్లబ్బు స్థాపన

టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ 1946లో ఏర్పడింది. టెక్ అనేది ఎమ్.ఐ.టి.కి అక్కడి వారు వాడే పొట్టి పేరు. క్లబ్బుకు 20వ నంబరు భవనంలో 20ఇ-214 అనే గదిని కేటాయించారు. ఈ భవనాన్ని రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, రాడార్ పరిశోధన కోసం ప్రధానంగా కలపతో హడావుడిగా కట్టారు. యుద్ధం ముగియగానే కూల్చివేయాలన్నది మొదటి ఆలోచన. కానీ అది 1998 వరకు నిలిచి ఉంది. తాత్కాలిక భవనం కావడం వలన అందులో గోడకు రంధ్రం చేసినా, తీగెలు లాగినా అడ్డుచెప్పేవారు తక్కువ. ఈ స్వేచ్ఛ రైలు నమూనా క్లబ్బుకు బాగా కలిసి వచ్చింది.

క్లబ్బు గది తాళంచెవి సభ్యుడైన వెంటనే లభించేది కాదు. లేఅవుట్ మీద నలభై గంటలు పనిచేసినట్లు నమోదైన తరువాత దానిని ఇచ్చేవారని రచయిత స్టీవెన్ లెవీ వ్రాశాడు. తాళంచెవి ఉన్న సభ్యుడు రాత్రి పగలు తేడా లేకుండా ఎప్పుడైనా వచ్చి పనిచేసుకోవచ్చు.

బల్ల పైన, బల్ల కింద

క్లబ్బులో రెండు రకాల సభ్యులు ఉండేవారు. మొదటి వర్గానికి రైళ్ళ మీద మక్కువ. వారు పెట్టెలకు రంగులు వేయడం, కొండలు, ఇళ్ళు తీర్చిదిద్దడం, రైల్వేల చరిత్ర చదవడం, పాత టైంటేబుళ్ళు సేకరించడం వంటి పనులలో మునిగి ఉండేవారు. రెండవ వర్గం సిగ్నల్స్ అండ్ పవర్ ఉపసంఘానికి చెందినది. వీరి దృష్టి బల్ల మీద కనిపించే రైళ్ళ కంటే బల్ల కింద ఉన్న తీగెల మీద, వాటిని కలిపే, విడదీసే పరికరాల మీద ఉండేది. ఈ మొత్తం ఏర్పాటును వారు సిస్టమ్ అని పిలిచేవారు.

బల్ల కింద అంత పెద్ద పని ఎందుకు అవసరమైందో తెలియాలంటే నమూనా రైలు నడిచే విధానం తెలియాలి. ఆ కాలపు నమూనాలలో ఇంజన్‌కు కావలసిన విద్యుత్తు రెండు పట్టాల ద్వారానే అందేది. వోల్టేజి పెంచితే ఇంజన్ వేగం పెరుగుతుంది. ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేస్తే అది వెనుకకు నడుస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు ఉంటే రెండింటికీ ఒకే విద్యుత్తు అందుతుంది కనుక రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఒక్కొక్క రైలును ఒక్కొక్కరు విడిగా నడపాలంటే పట్టాలను బ్లాకులుగా విభజించాలి. రైలు ఒక బ్లాకు నుండి మరో బ్లాకులోకి వెళ్ళినప్పుడల్లా దానిని నడిపే వ్యక్తి చేతిలోని నియంత్రణను కొత్త బ్లాకుకు కలపాలి. ఎదురుగా మరో రైలు ఉంటే కలపకుండా ఆపాలి.

ఈ పనిని మనుషులకు బదులుగా రిలేలు చేసేవి. రిలే అంటే ఒక చిన్న విద్యుత్ ప్రవాహంతో మరో వలయాన్ని తెరిచే లేదా మూసే స్విచ్చు. ఇది జరిగితే అది చేయి, అది లేకపోతే ఇంకొకటి చేయి అనే తార్కిక నియమాలను రిలేల ద్వారా అమలు చేయవచ్చు. ఇటువంటి వలయాలను గణితం ద్వారా విశ్లేషించవచ్చని క్లాడ్ షానన్ 1937లో ఇదే ఎమ్.ఐ.టి.లో సమర్పించిన పరిశోధన పత్రంలో నిరూపించాడు. కంప్యూటర్ల నిర్మాణానికి పునాది వేసినదిగా ఆ పత్రాన్ని పరిగణిస్తారు. అంటే రైళ్ళు ఒకదానినొకటి ఢీకొనకుండా చూసే ప్రయత్నంలో ఈ విద్యార్థులు కంప్యూటర్‌కు మూలమైన తర్కాన్నే స్వయంగా చేతులతో నేర్చుకున్నారు.

రిలేలు, డయళ్ళు ఎక్కువగా టెలిఫోన్ వ్యవస్థ నుండి వచ్చేవి. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కళాశాలలకు పరికరాలను దానంగా ఇచ్చే పథకం ద్వారా క్లబ్బుకు చాలా సామగ్రి అందింది. క్లబ్బు సలహాదారుగా ఉన్న అధ్యాపకుడే విద్యాలయంలోని టెలిఫోన్ వ్యవస్థను కూడా పర్యవేక్షించేవారు. రైలును నడపదలచినవారు టెలిఫోన్ డయలు తిప్పి తమకు కావలసిన మార్గానికి నియంత్రణను కలుపుకొనేవారు. 1962 నాటికి ఈ ఏర్పాటులో సుమారు 1200 రిలేలు ఉండేవి. సరిపోని విడిభాగాల కోసం రాత్రివేళ భవనాలలో గాలించే పనికి సభ్యులు మిడ్‌నైట్ రిక్విజిషనింగ్ కమిటీ, అంటే అర్ధరాత్రి సేకరణ సంఘం, అని గంభీరమైన పేరు పెట్టుకున్నారు.

నిఘంటువు

పీటర్ శామ్సన్ 1958లో ఎమ్.ఐ.టి.లో చేరి క్లబ్బు సభ్యుడయ్యాడు. గదిలో వినిపించే వింత మాటలను సేకరించి 1959లో క్లబ్బు భాషకు సంక్షిప్త నిఘంటువును తయారుచేశాడు. మరుసటి సంవత్సరం దీనికి రెండవ కూర్పు వెలువడింది. ఇది పండితులు కూర్చిన నిఘంటువు వంటిది కాదు. కొత్తగా చేరినవారికి మాటలు నేర్పడంతో పాటు పాతవారిని నవ్వించడం కూడా దీని ఉద్దేశం. అందువలన చాలా నిర్వచనాలు హాస్యంగా ఉంటాయి.

అయితే మాటలు నిఘంటువు కంటే ముందు నుండే వాడుకలో ఉన్నాయి. 1955 ఏప్రిల్ 5న జరిగిన క్లబ్బు సమావేశపు నివేదికలో, విద్యుత్ వ్యవస్థ మీద పనిచేసేవారు గాని హ్యాకింగ్ చేసేవారు గాని ఫ్యూజు పోకుండా ముందుగా విద్యుత్తును ఆపివేయాలన్న విజ్ఞప్తి నమోదైంది. సాంకేతిక అర్థంలో హ్యాకింగ్ అనే మాటకు లభించిన తొలి లిఖిత ఆధారాలలో ఇది ఒకటి. తోటివారి ఫ్యూజు కాలిపోకుండా జాగ్రత్త చెప్పే మామూలు మాటలో ఈ పదం కనిపించడం గమనించదగినది.

ముఖ్యమైన పదాలు

హ్యాక్: ఎమ్.ఐ.టి. విద్యార్థులు అంతకు ముందు నుండే నేర్పుతో చేసిన పెద్ద కొంటె పనులను ఈ మాటతో పిలిచేవారు. శామ్సన్ నిఘంటువు దీనిని ప్రయోజనకరమైన లక్ష్యమేదీ లేని పనిగా హాస్యంగా నిర్వచించింది. వాడుకలో మాత్రం ఇది గౌరవవాచకం. అవసరం తీరడం కోసమే కాక, ఆ పనిలో మునగడమే ఆనందంగా భావించి, కొత్త ఉపాయంతో, చక్కని పనితనంతో సాధించిన దానిని హ్యాక్ అనేవారు. పది రిలేలు పట్టే పనిని ఆరింటితో చేసి చూపితే అది హ్యాక్.

హ్యాకర్: హ్యాక్‌లను చేసే వ్యక్తి. సిగ్నల్స్ అండ్ పవర్ ఉపసంఘంలోని చురుకైన సభ్యులు తమను తాము గర్వంగా ఇలా చెప్పుకొనేవారు.

క్రఫ్ట్: గదిలో ఎవరూ తెచ్చి వేయకుండానే పేరుకుపోయినట్లు కనిపించే చెత్త. తరువాతి కాలంలో ప్రోగ్రామర్లు పాత ప్రోగ్రాములలో పేరుకుపోయిన అనవసరమైన భాగాలకు ఈ మాటను వాడసాగారు.

లూజింగ్: పరికరం పనిచేయకపోవడం. ఆంగ్లంలో ఓడిపోవడం అనే అర్థం గల మాట ఇది. రిలే చెడిపోతే అది ఓడిపోతున్నదని చెప్పుకొనేవారు.

మంగ్: ఒక వస్తువును పనికిరాకుండా పాడుచేయడం. పనికిరాని స్థితికి వచ్చేదాకా నలగగొట్టు అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యంలోని తొలి అక్షరాలతో ఇది ఏర్పడిందని చెబుతారు. తరువాత కంప్యూటర్ రంగంలో సమాచారాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడం అనే అర్థంలో స్థిరపడింది.

ఫ్రాబ్: పరికరం నుండి పొడుచుకు వచ్చిన చిన్న భాగం. పేరు తెలియని ఏ చిన్న వస్తువుకైనా ఈ మాట చెల్లుతుంది.

ఆరిఫిస్: గది మూలలో ఉన్న రెండు బల్లలకు పెట్టిన పేరు. ఆఫీసు అనడానికి బదులుగా, రంధ్రం అనే అర్థం గల ఈ మాటను వాడేవారు.

టూల్: తరగతి పాఠాలే లోకంగా భావించి ఎప్పుడూ చదువుతూ కూర్చునే విద్యార్థి. ఇది ఎగతాళి మాట.

ఫూ మీట

గదిలో అనేక చోట్ల అత్యవసర మీటలు ఉండేవి. ఏదైనా రైలు ప్రమాదం వైపు దూసుకుపోతున్నప్పుడు దగ్గరలో ఉన్న మీట నొక్కితే లేఅవుట్ మీద కదలికంతా ఆగిపోతుంది. గదిలో అంకెలు చూపే గడియారం కూడా ఒకటి ఉండేది. ఇది మామూలు సమయాన్ని చూపేది కాదు. హెచ్.ఓ. స్కేలులో పది కిలోమీటర్ల దూరం చూపాలంటే సుమారు 115 మీటర్ల పట్టాలు కావాలి. అంత పొడవు ఏ గదిలోనూ ఇమడదు. అందువలన స్టేషన్ల మధ్య దూరాలను కుదించి, ప్రయాణ సమయం సహజంగా అనిపించేలా గడియారాన్ని వేగంగా నడిపిస్తారు.

ఎవరైనా అత్యవసర మీట నొక్కినప్పుడు ఈ గడియారం ఆగిపోయి, అంకెల స్థానంలో ఫూ అనే మాట కనిపించేది. అందుకే ఆ మీటలకు ఫూ స్విచ్చులని పేరు వచ్చింది. ఫూ అనే మాటను క్లబ్బు సృష్టించలేదు. 1930వ దశకంలో అమెరికా పత్రికలలో బిల్ హోల్మన్ గీసిన స్మోకీ స్టోవర్ అనే హాస్య చిత్రకథలో ఇది తరచు కనిపించేది. క్లబ్బు దానిని తీసుకొని, తన నిఘంటువులో ఒక మంత్రాక్షరంగా వర్ణించి, నిత్యవ్యవహారంలోకి తెచ్చింది.

ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులకు ఈ మాట పాఠ్యపుస్తకాలలో తరచు ఎదురవుతుంది. ప్రత్యేకమైన పేరు అవసరం లేని ఉదాహరణలలో ఫూ, బార్ అని వ్రాయడం ఆనవాయితీ. గణితంలో తెలియని సంఖ్యకు ఎక్స్ అని పేరు పెట్టడం వంటిదే ఇది. ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో 2001 ఏప్రిల్ 1న వెలువడిన 3092వ పత్రం ఈ మాట పుట్టుపూర్వోత్తరాలను హాస్యధోరణిలో చర్చిస్తూ రైలు నమూనా క్లబ్బును కూడా పేర్కొంది.

రైలు పట్టాల నుండి కంప్యూటర్లకు

1950వ దశకం చివరలో ఎమ్.ఐ.టి.లో ఐబీఎం 704 అనే పెద్ద కంప్యూటర్ ఉండేది. విద్యార్థులు దానిని తాకడానికి వీలులేదు. రంధ్రాలు చేసిన కార్డులను నిర్వాహకులకు ఇచ్చి, ఫలితం కోసం వేచి ఉండాలి. తీగెను తామే కలిపి, తప్పును తామే దిద్దుకోవడానికి అలవాటు పడిన క్లబ్బు సభ్యులకు ఈ పద్ధతి రుచించలేదు.

1958లో లింకన్ ప్రయోగశాల నుండి టీఎక్స్-0 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటర్ ఎమ్.ఐ.టి.కి వచ్చింది. దీని ముందు కూర్చొని నేరుగా ప్రోగ్రామును నడపవచ్చు. తప్పు కనిపిస్తే వెంటనే దిద్దవచ్చు. అంతకు ముందు క్లబ్బు సభ్యుడిగా ఉండి, తరువాత అధ్యాపకుడైన జాక్ డెన్నిస్ తన పాత మిత్రబృందానికి ఈ యంత్రాన్ని పరిచయం చేశాడు. శామ్సన్, అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ మొదలైనవారు, ఇతరులు సమయం కేటాయించుకొని రాని రాత్రివేళల కోసం కాచుకొని ఉండి దీని మీద పనిచేసేవారు. శామ్సన్ దీనితో సంగీత స్వరాలు పలికించే ప్రోగ్రాము వ్రాశాడు.

1961లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పీడీపీ-1 అనే కంప్యూటర్‌ను ఎమ్.ఐ.టి.కి బహూకరించింది. దాని మీద 1962లో స్టీవ్ రస్సెల్ మిత్రులతో కలిసి స్పేస్‌వార్ అనే ఆటను రూపొందించాడు. ఇది తొలినాటి కంప్యూటర్ ఆటలలో సుప్రసిద్ధమైనది. ఇందులోని నక్షత్రాల పటాన్ని శామ్సన్ సమకూర్చాడు. ఆడేవారికి కావలసిన చేతి మీటలను కోటాక్, సాండర్స్ క్లబ్బు గదిలో దొరికిన విడిభాగాలతో తయారుచేశారు. రైళ్ళ కోసం సేకరించిన స్విచ్చులు ఆ విధంగా అంతరిక్ష నౌకలను నడిపించాయి. కోటాక్ తరువాత పీడీపీ-10 కంప్యూటర్ రూపకల్పనకు నాయకత్వం వహించాడు. క్లబ్బుకే చెందిన రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ వ్రాసిన చదరంగం ప్రోగ్రాముకు మ్యాక్ హ్యాక్ అని పేరు. 1967లో ఇది మనుషుల పోటీలలో పాల్గొన్నది.

ఈ విద్యార్థులతో పాటు క్లబ్బు మాటలు కూడా యంత్రాల గదులలోకి ప్రవేశించాయి. ఎవరికైనా యంత్రం అందుబాటులో ఉండాలని, తెలిసినది దాచకుండా పంచుకోవాలని, మనిషిని పట్టాలతో గాక పనితో అంచనా వేయాలని వారు భావించేవారు. లెవీ 1984లో ప్రచురించిన హ్యాకర్స్ అనే పుస్తకం ఈ భావాలను హ్యాకర్ నీతి అనే పేరుతో వివరించింది. 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాఫెల్ ఫింకెల్ ప్రారంభించిన జార్గన్ ఫైల్ అనే పదసేకరణలో ఎమ్.ఐ.టి. మాటలు అనేకం చేరాయి. అది 1983లో పుస్తకరూపంలో వెలువడింది.

హ్యాకర్ అనే మాటకు అర్థం మారిన తీరు

ఈ మార్పు ఒక్కసారిగా వచ్చినది కాదు. దాని తొలి జాడ కూడా ఎమ్.ఐ.టి.లోనే కనిపిస్తుంది. 1963 నవంబరు 20న ది టెక్ అనే విద్యార్థి పత్రిక, హ్యాకర్ల వలన విద్యాలయంలోని కొన్ని టెలిఫోన్ సౌకర్యాలను తగ్గించవలసి వచ్చిందని ప్రచురించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి కలిపే లైన్లను కొందరు ఖాళీ లేకుండా చేశారని, ఖర్చు చెల్లించకుండా దూర ప్రాంతాలకు ఫోన్ చేశారని అందులో ఆరోపించారు. టెలిఫోన్ పరికరాల మీద సంపాదించిన నేర్పు సరదాకు, ఉల్లంఘనకు మధ్య గీతను ఎంత సులభంగా దాటగలదో ఈ వార్త తెలుపుతుంది.

1983 సంవత్సరంలో ఈ కొత్త అర్థం జనంలో స్థిరపడింది. ఒక బాలుడు సైనిక కంప్యూటర్‌లోకి ప్రవేశించే కథతో వార్ గేమ్స్ అనే చలనచిత్రం ఆ ఏడాదే విడుదలైంది. మిల్వాకీకి చెందిన కొందరు యువకులు అనేక సంస్థల కంప్యూటర్లలోకి చొరబడిన వార్త కూడా అప్పుడే వెలువడింది. పత్రికలు వీరిని హ్యాకర్లని వర్ణించాయి. దీనికి ప్రతిగా పాత అర్థాన్ని అభిమానించేవారు 1985 ప్రాంతంలో చొరబాటుదారులకు క్రాకర్ అనే వేరే మాటను ప్రతిపాదించారు. అది నిపుణుల మధ్య కొంత నిలిచినా వార్తాపత్రికలలో వేళ్ళూనలేదు. క్లబ్బు మాత్రం హ్యాకర్ అనే మాటను తాము తొలి అర్థంలోనే వాడుతామని ప్రకటించింది.

రెండు అర్థాలకు మూలంలో ఒక పోలిక ఉంది. ఒక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో లోతుగా తెలుసుకొని, దాని రూపకర్తలు ఊహించని పని చేయించడం రెండింటిలోనూ ఉంది. తేడా ఆ వ్యవస్థ ఎవరిది అన్న దగ్గర వస్తుంది. క్లబ్బు సభ్యుడు విప్పి చూసిన సిస్టమ్ అందరూ కలిసి కట్టుకున్నది. అందులో పొరపాటు జరిగితే నష్టపోయేది తన మిత్రులే. ఎవరైనా ఫూ మీట నొక్కి దానిని ఆపవచ్చు. పరాయివారి యంత్రంలోకి చొరబడినవారికి ఈ హద్దులేవీ ఉండవు.

పరిమితులు

ఈ పరిభాషను గురించి వ్రాసినవారు సాధారణంగా దాని ఉత్సాహాన్నే మెచ్చుకొన్నారు. అయితే ఆ కాలంలో క్లబ్బు సభ్యులు దాదాపు అందరూ మగ విద్యార్థులే. తమలో తాము వాడుకునే మాటలు స్నేహాన్ని పెంచినట్లే, ఆ మాటలు తెలియనివారిని బయట నిలబెట్టగలవు. శ్రద్ధగా చదివే విద్యార్థిని టూల్ అని ఎగతాళి చేయడంలో ఈ ధోరణి కనిపిస్తుంది. రాత్రింబవళ్ళు క్లబ్బులో, కంప్యూటర్ల వద్ద గడిపి చదువులో వెనుకబడినవారు కూడా ఉన్నారు. అయితే పని తెలిసినవారిని వయసు చూడకుండా చేర్చుకొనే గుణం కూడా వారికి ఉండేది. పీటర్ డాయిష్ అనే పన్నెండేళ్ళ బాలుడు టీఎక్స్-0 వద్ద వీరితో సమానంగా పనిచేయడం దీనికి ఉదాహరణ.

తరువాతి కాలం

1998లో 20వ నంబరు భవనాన్ని కూల్చివేశారు. దానితో పాటు దశాబ్దాల పాటు పెరిగిన పాత లేఅవుట్ కూడా అంతరించింది. క్లబ్బు వేరే భవనానికి మారి కొత్త లేఅవుట్ నిర్మాణం చేపట్టింది. అందులో ఎమ్.ఐ.టి.లోని ఎత్తైన గ్రీన్ భవనం నమూనా ఒకటి ఉంది. దాని కిటికీలలో అమర్చిన దీపాలతో టెట్రిస్ ఆట ఆడవచ్చు. 2012లో కొందరు విద్యార్థులు నిజమైన గ్రీన్ భవనం కిటికీలలోనే దీపాలు అమర్చి టెట్రిస్ ఆడే ఏర్పాటు చేశారు. నమూనా అసలును అనుకరించడం ఈ అభిరుచిలో మామూలు. ఇక్కడ అసలు భవనమే నమూనాను అనుకరించింది. తొలినాటి క్లబ్బు సభ్యులు దీనికి పెట్టదగిన పేరు వారి నిఘంటువులోనే ఉంది, అది హ్యాక్.

ఇవి కూడా చూడండి

రైలు నమూనాలు
మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ
హ్యాకర్
స్పేస్‌వార్
రిలే
క్లాడ్ షానన్